కనుమ నాటి రాక్షసి-తంగడి

కనుమ నాడు కాకైనా కదలదంటారు. అలాంటి రోజున అత్తవారింట్లో ఇంతమంది చుట్టాలు కదలకుండా దొరికితే నాలాంటివాడు ఊరుకుంటాడా? మా ఆవిడ పట్టుచీరలకి చోటు మిగల్చకుండా సూట్‌కేసు నిండా నేను మోసుకెళ్ళింది 15 మిల్లీమీటర్ల బొమ్మ సైన్యాన్ని. ఒక్కో బంటు బొటనవేలి కణుపంత కూడా ఉండడు. వాడికి మీసం దిద్దేటప్పుడు ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. ఇంట్లో బల్బు మార్చమంటే మాత్రం నాకు చెయ్యి వణుకుతుంది.

ఆడదలుచుకున్నది 1565 జనవరి 23 నాటి రాక్షసి-తంగడి యుద్ధం. ఒకవైపు విజయనగరం రామరాయలు, తమ్ముళ్ళు తిరుమలరాయలు, వేంకటాద్రి. ఇంకోవైపు నలుగురు సుల్తానులు. చరిత్రే ఏడు కుర్చీలు వేసి పెట్టింది. పైగా అహ్మద్‌నగరు హుసేన్ నిజాం షా తన కూతుళ్ళలో చాంద్ బీబీని బీజాపూరు అలీ ఆదిల్ షాకి, ఇంకొకామెని గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షాకి ఇచ్చాడు. అంటే యుద్ధానికి ముందే వాళ్ళిద్దరూ తోడల్లుళ్ళు. మా అత్తవారింట్లోనూ నేను కాక సరిగ్గా ఇద్దరల్లుళ్ళున్నారు. బావమరిది నిజాం షా, మేనల్లుడు బీదరు బరీద్ షా, మా ఆవిడ తిరుమలరాయలు, మరదలు వేంకటాద్రి. కృష్ణదేవరాయల అల్లుడి వేషం మామగారికి దక్కింది. ముసలి రామరాయలు పల్లకీలోంచే యుద్ధం నడిపాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు కాబట్టి ఆయన వాలుకుర్చీ దిగక్కర్లేదు. నేను అంపైర్ని.

నా దగ్గరున్న రూల్సు 1990లో ఫిల్ బార్కర్ బృందం తెచ్చిన 'డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్'. ఇద్దరాటగాళ్ళు, చెరి 12 దళాలు. పాచికలో ఎంత పడితే అన్ని కదలికలు. ఒకటి పడితే మిగతా సైన్యం నిలబడి చూడాల్సిందే. గంటలో తేలిపోతుంది. ఆ రూల్సు 1500వ సంవత్సరం దగ్గరే ఆగిపోతాయి గనక ఫిరంగుల సంగతి నేనే అతికించాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఫిరంగి పొగకి ఒక పట్టిక, ఏనుగుల బెదురుకి మూడు. ఏనుగుల పట్టికలంటే నాకు ప్రాణం.

ఏడుగురూ వరసగా పాచిక వేసి, స్కేలు పెట్టి కొలిచి, నాతో వాదించి, దళాలు కదిపేసరికి ఒక్క చుట్టుకే పొద్దున తిన్న గారెలు అరిగిపోయాయి. బరీద్ షా ఫోన్లోకి పోయాడు. ఆదిల్ షా కునికాడు. మనిషి తన వంతు కోసం ఎంతసేపు కూర్చోగలడన్నది నేను పట్టిక వెయ్యని ఒకే ఒక్క సంగతి.

ఏనుగుల పట్టికలు చింపేశాను. ఒక పక్షం వాళ్ళంతా ఒకేసారి కదపాలన్నాను, అదీ వంటింట్లో కుక్కరు కూతకీ కూతకీ మధ్య. పక్షానికి పడిన పాచికల్లో ఏది ఎవరికో పెద్ద సేనాని పంచాలి. బావమరిది ఆరు తను ఉంచుకుని, ఒకట్లూ రెండ్లూ బావలకి విదిలించాడు. "మా పెళ్ళిళ్ళప్పుడూ ఇంతే" అన్నాడు కుతుబ్ షా. సుల్తానుల మైత్రిలోని గుట్టంతా అక్కడ బయటపడింది. నేను పేజీలు పేజీలు రాసినా రాని చరిత్ర అది. ఆ రూలు మాత్రం నాది కాదు, బార్కర్‌దే.

నేను చేర్చిన రూలు ఒకటి మిగిలింది. 1824లో ప్రష్యా అధికారి రైస్విట్జ్ అచ్చువేసిన యుద్ధక్రీడలో ఆజ్ఞలు కాగితం మీద రాసి అంపైరుకిస్తారు. నేనూ అదే పెట్టాను: నోటిమాట నిషేధం, వార్తాహరుడు గుర్రం మీద రావాలి గనక చీటీ ఒక చుట్టు ఆలస్యంగా విప్పాలి. తిరుమలరాయల శిబిరం నుంచి చీటీ వచ్చింది. జేబులో పెట్టుకున్నాను. ఇంకో చీటీ వచ్చింది. నియమం నియమమే. చుట్టు పూర్తయ్యాక విప్పితే మొదటిది: "స్టవ్ మీద పాలు, చూడండి." రెండోది: "ఏమండీ!!"

"పండగ పూట పాలు పొంగితే మంచిదేలే" అన్నారు మామగారు. స్టవ్ తుడుస్తున్న అత్తగారు ఏమీ అనలేదు.

ఇంతలో నిజాం షా ఫిరంగులు మూగబోయాయి. దగ్గరికొచ్చిన శత్రువు మీద రాగి నాణేలు కూరి పేల్చారని ఫెరిష్తా చెప్పాడని, గుర్తుకి ఫిరంగుల పక్కన రూపాయి బిళ్ళలు పేర్చాను. మందుగుండంతా మరదలి కూతురు గౌను జేబులోకి చేరింది.

అయినా బావమరిది ఏనుగుతో మధ్యకి చొచ్చుకొచ్చి రామరాయల్ని పట్టేశాడు. ఏనుగంటే బొమ్మల కొలువులోంచి తెచ్చిన కొండపల్లి అంబారీ ఏనుగు. నా రౌతులు దాని మోకాలి దాకా కూడా రారు.

"బందీనా? తర్వాత నన్నేం చేస్తారు అల్లుడుగారూ?" అన్నారు మామగారు, ఆసక్తిగా.

అక్కడికక్కడే తల నరికించాడు నిజాం షా. ఆ ముక్క పండగపూట పెద్దల్లుడు ఏ నోటితో చెబుతాడు? "సంధి మాటలు నడుస్తున్నాయండీ" అన్నాను.

మా ఆవిడ మాత్రం చదువుకునే వచ్చినట్టుంది. ఏనుగుల్నీ, బల్ల మీద మిగిలిన రూపాయల్నీ పళ్ళెంలో పెట్టుకుని లేచింది. "తిరుమలరాయలు ఖజానాతో పెనుకొండ వెళ్ళిపోయాడుగా? నేనూ వెళ్తున్నా. బల్ల ఖాళీ చెయ్యండి, విస్తళ్ళు వెయ్యాలి."

చారిత్రకంగా అభ్యంతరం చెప్పడానికేమీ దొరకలేదు. విజయనగర సైన్యాన్ని సూట్‌కేసులో సర్దాను.