ఆవంలో పుట్టినదాన్ని

నేనొక మట్టి టైలుని. జానెడు కూడా లేని చదరపు ముక్కని. నా మీద ఒక నెమలి, దాని చుట్టూ ద్రాక్షతీగ. ఒళ్లంతా గోధుమ రంగు, గుంటల్లో మాత్రం నీలం. 1920ల్లో లాస్ ఏంజెలెస్‌లో ఎర్నెస్ట్ బాచెల్డర్ గారి కార్ఖానాలో పుట్టాను. ఆయన పాసడీనాలో డిజైను పాఠాలు చెప్పిన మాస్టారు. 1910 ప్రాంతంలో ఇంటి పెరట్లోనే ఆవం కట్టుకుని టైళ్లు కాల్చడం మొదలుపెట్టి, పదేళ్లు తిరిగేసరికి పెద్ద కార్ఖానా పెట్టాడు. పచ్చి మట్టిని అచ్చులోకి చేత్తో అదిమి, నీలం పూత పూసి, పైపైన తుడిచేసేవాళ్లు. తుడిచే చెయ్యి ప్రతిసారీ ఒకేలా ఆడదు కాబట్టి మాలో ఒకదాని పోలిక ఇంకోదానికి రాదు. మహామాంద్యంలో, 1932లో, కార్ఖానా మూతపడింది. అప్పటికే నేను పాసడీనా పక్కనే ఉన్న ఆల్టడీనా అనే ఊళ్లో, లేక్ అవెన్యూకి పడమరన ఒక చిన్న ఇంట్లో ఫైర్‌ప్లేస్ నుదుటికెక్కి కూర్చున్నాను.

నాకు నిప్పంటే భయం లేదు. ఉండే వీల్లేదు కూడా. వెయ్యి డిగ్రీలు దాటిన ఆవంలోంచి వచ్చినదాన్ని. కాకపోతే ఆ తరవాత నేనెరిగిందంతా ఇటుక గూట్లో, ఇనప తెర వెనక, పొగగొట్టం దారి పట్టి బుద్ధిగా పోయే నిప్పే. 1993లో తూర్పున కినలోవా కొండల దగ్గర రెండొందల దాకా కట్టడాలు కాలిపోయినప్పుడు మా వీధివాళ్లు మర్నాడు వాకిట్లో పడ్డ బూడిద ఊడ్చుకుని ఊరుకున్నారు. అది కొండ మీద కాపురమున్నవాళ్ల బాధ, మనది కాదు అనుకున్నారు. ప్రభుత్వం గీసిన పాత ప్రమాద పటాలు కూడా అలాగే అనుకున్నాయి. మా పడమటి వైపు చాలా భాగం వాటిలో ఎర్ర రంగు లేదు.

ఆ ఇంటికి చివరి యజమానురాలు మా టీచరమ్మ. నల్లజాతి ఆవిడ. 1970ల్లో పెళ్లయిన కొత్తల్లో భర్తతో కలిసి ఈ ఇల్లు కొనుక్కుంది. ఆ రోజుల్లో చాలా చోట్ల బ్యాంకులు వాళ్లకి అప్పిచ్చేవి కావు, ఇళ్లవాళ్లు అమ్మేవాళ్లు కారు. తలుపు తెరిచిన కొద్ది చోట్లలో పడమటి ఆల్టడీనా ఒకటి. అందుకే ఇక్కడ నల్లజాతి కుటుంబాల్లో సొంతిల్లున్నవాళ్లు దేశం సగటు కన్నా చాలా ఎక్కువ. అప్పు తీరిపోయి, పిల్లలకి రాసిద్దామనుకుంటున్న ఇళ్లు. ఇది తెలియకపోతే ఆ తరవాత జనం ఎందుకంత పట్టు పట్టారో అర్థం కాదు.

2025 జనవరి 7 సాయంత్రం ఆరు దాటాక మా ఊరి అంచున ఈటన్ లోయ మొదట్లో మంట లేచింది. కరెంటు తీగల కింద పుట్టిందని అనుమానం. ఆ వ్యవహారం కోర్టుల్లో ఉంది, టైలు సాక్ష్యం ఎవరూ అడగరు. గాలి ఎంత ఉధృతంగా ఉందంటే, మంటలార్పే విమానాలు, హెలికాప్టర్లు నేలకి దిగిపోవలసి వచ్చింది. లేక్ అవెన్యూకి తూర్పువైపు వాళ్లని సాయంత్రమే ఖాళీ చేయించారు. పడమటి వాళ్లకి ఆ ఉత్తర్వు వచ్చేసరికి తెల్లవారుజామున మూడు దాటింది. టీచరమ్మని పక్కింటి కుర్రాడు తలుపు బాది లేపి, కారెక్కించుకుని పోయాడు కాబట్టి బతికింది. ఈటన్ మంటల్లో పోయిన పందొమ్మిది మందిలో దాదాపు అందరూ లేక్‌కి పడమటి వాళ్లే. తొమ్మిది వేల నాలుగు వందలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. అదే రోజు సముద్రం వైపు పాలిసేడ్స్‌లో ఇంకో ఆరు వేల ఎనిమిది వందలు.

మా ఇల్లు ఎలా అంటుకుందో నాకు తెలుసు, ఎదురుగా ఉండి చూశాను గదా. సినిమాల్లో చూపించినట్టు కొండ మీంచి మంటల గోడేదీ నడిచి రాలేదు. నిప్పురవ్వలొచ్చాయి. చూరు కింద అటకకి గాలాడటానికి పెట్టిన పాత జాలీ ఉంది. దాని కన్ను పావు అంగుళం. ఎలకల్ని ఆపడానికి పెట్టిన జాలీ ఎలకనే ఆపుతుంది. రవ్వ దూరిపోయి, అటకలో పాత క్రిస్మస్ అట్టపెట్టెల మీద వాలింది. బయట గట్టర్లో ఎండాకులు, గోడని ఆనుకుని జునిపర్ పొద, ఆ పొద నుంచి పక్కింటిదాకా చెక్క దడి. ముందు సీలింగు మీద గోధుమ రంగు మచ్చొకటి కనపడింది. కిటికీ అద్దం పక్కింటి వేడికి టప్పున పగిలింది. ఇంక అంతే, ఇంటి నుంచి ఇంటికి అంటుకోవడానికి కొండతో పని లేదు. నారింజ చెట్లూ, ఓక్‌లూ చాలా చోట్ల పచ్చగా నిలబడ్డాయి, వాటి మధ్య ఇళ్లే లేవు. ఇక్కడి శాంటా రోసా అవెన్యూ పొడుగునా ఉన్న దేవదారు చెట్లు, హిమాలయాల జాతివి, అవీ చాలా మటుకు నిలిచాయి. చూడండి, అడవి మంట అని పేరు పెట్టారు గానీ కాలిందంతా చెక్కా, తారూ, ప్లాస్టిక్కూ.

తెల్లారేసరికి వీధంతా పొగగొట్టాలే. ఏ ఇల్లు ఎవరిదో గుర్తుపట్టాలంటే పొగగొట్టాన్నే చూసుకోవాలి.

ఆర్మీ ఇంజినీర్ల దళం వచ్చి ఉచితంగా శిథిలాలు ఎత్తిపోస్తుందన్నారు. సీసం, ఆస్‌బెస్టాస్ కలిసిన బూడిద అది, ఎవరూ ఊరికే ముట్టుకోకూడదు. యంత్రాలొస్తే పొగగొట్టంతో పాటు నేనూ లారీలో పోవలసిందే. అప్పుడు ఊళ్లోవాళ్లే కొందరు ఒక గుంపుగా కూడారు. మా పేరే పెట్టుకున్నారు, ‘సేవ్ ద టైల్స్’ అని. వీధివీధీ నడిచి, ఏ గూటికి బాచెల్డర్ టైళ్లున్నాయో రాసుకుని, యజమానుల్ని వెతికి పట్టుకుని అనుమతి తెచ్చుకున్నారు. మేస్త్రీలు కదిలొచ్చారు. మమ్మల్ని ఊడదీశాక యజమానులకి ఉచితంగా ఇచ్చేయడమే వాళ్ల పని.

నన్ను తీసిన మేస్త్రీ ఒళ్లంతా కప్పే తెల్ల తొడుగు, మూతికి ఫిల్టరు ముసుగు వేసుకున్నాడు. ముందు వేలి కణుపుతో నా మీద తట్టి విన్నాడు. ఖణేల్‌మన్నది కనక వదల్లేదు. డొల్ల చప్పుడైతే బీటున్నట్టు లెక్క. నా చుట్టూ సిమెంటు వేడికి పిండైపోయి ఉంది. సన్నటి ఉలి అంచు నా వీపు వెనక దూర్చి, సుత్తితో కొట్టకుండా అరచేత్తో తోశాడు. వందేళ్ల తరవాత కదిలాను. నా పక్కనుండే ద్రాక్షగుత్తి రెండు ముక్కలైంది. ఆ ముక్కల్ని కూడా కాగితంలో చుట్టాడు.

అంత మంది, అంత శ్రద్ధగా, ఒక మట్టిబిళ్ల కోసం! సంతోషమే, కాదనను. కానీ ఆ చేతుల్లో సగం శ్రద్ధ పదేళ్ల ముందు ఎవరైనా ఆ అటక జాలీ మీద పెట్టుంటే, నన్ను ఊడదీసే పనే తగిలేది కాదేమో. అంగుళంలో ఎనిమిదో వంతు కన్ను ఉన్న జాలీ, లేకపోతే రవ్వని ఆపేలా చేసిన కొత్త రకం. ఇంటి ఖర్చులో అదెంత? జనం దృష్టి ఎప్పుడూ కంటికి నచ్చేదాని మీదికే పోతుంది. చూరు కింది చీకటి వైపు పోదు.

తరవాత రెండు గొడవలు మొదలయ్యాయి. మొదటిది ఎవరు ఉంటారన్నది. ‘ఆల్టడీనా అమ్మకానికి లేదు’ అని బోర్డులు లేచాయి. అయినా బీమా చాలనివాళ్లూ, వయసైపోయినవాళ్లూ అమ్మక తప్పలేదు. కొన్నది చాలా చోట్ల మనుషుల పేరుతో కాదు, కంపెనీల పేరుతో. రెండోది పాతిల్లే కట్టాలా, వేరే ఇల్లు కట్టాలా అని. త్వరగా కట్టుకోనివ్వండి, పాత రూపే కావాలి అంటారు కొందరు. అలాగే కడితే అలాగే కాలుతుంది అంటారు ఇంకొందరు. ఇది కొత్త పోట్లాటేం కాదు. నేను పుట్టిన రోజుల్లోనే, 1923 సెప్టెంబరులో, ఉత్తరాన బర్క్లీలో ఆరొందల దాకా ఇళ్లు ఒక్క మధ్యాహ్నంలో తగలబడ్డాయి. చెక్క పెంకులే కారణమని నిషేధం తెచ్చారు, పొగ వాసన పోయాక దాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఈసారి మరీ అంత మరుపు లేదు. శాన్ డియేగో కౌంటీలో ఎస్కండిడో దగ్గర డిక్సన్ ట్రయల్ అని 64 ఇళ్ల పేట, మొత్తం పేటనే మంటకి తట్టుకునేలా రూపొందించారు. దడులు ఇనపవి, అటక జాలీలు రవ్వ దూరనివి, ఇంటికి ఇంటికీ ఎడం. పెద్ద పాఠం అదే, ఒక్కరు జాగ్రత్తపడి లాభం లేదు, పక్కిల్లే మన కట్టెలమోపు. మా ఊళ్లోనూ ఆర్కిటెక్టులు ‘ఫుట్‌హిల్ కేటలాగ్’ పేరుతో పాత ఆల్టడీనా రూపం పోకుండా ముందే అనుమతి పొందిన నమూనాలు గీసి పెట్టారు.

టీచరమ్మ కొడుకు అందులోంచే ఒకటి ఎంచాడు. మడత టేబుల్ మీద కాగితాలు పరిచారు. నా పెట్టె ఆ పక్కనే.

“అమ్మా, ఇక్కడ గులాబీలు వద్దు. గోడ నుంచి ఐదడుగుల దాకా అంటుకునేదేదీ ఉండకూడదట.”

“ఎవరన్నారు? రూలింకా రాలేదుగా!”

రాలేదు, నిజమే. ఆ ఐదడుగుల కోసం 2020లోనే చట్టం చేశారు. 2023కల్లా రావలసిన నియమాలు రాలేదు. 2025 చివరికల్లా ముగించమని కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్ ఆ ఏడాది ఫిబ్రవరిలో ఉత్తర్వు వేస్తే ఆ గడువూ దాటింది. మొక్కల దగ్గరే తెగలేదు.

“రూలొచ్చేదాకా రవ్వ ఆగుతుందా అమ్మా?”

“నీళ్లు పోసుకునే చెట్టు అంత తొందరగా అంటుకోదురా. పక్కింటి నారింజ నిలబడింది, ఇల్లు పోయింది. నువ్వూ చూశావు.”

ఇద్దరిదీ నిజమే. నన్నడిగితే కొడుకు వైపు ఉంటాను. నారింజ నిలబడ్డ మాట వాస్తవమే గానీ, మా గోడకి అంటించింది జునిపరే.

నా సంగతి ఇంకా తేలలేదు. కొత్త ఇంట్లో కట్టెల ఫైర్‌ప్లేస్ లేదు. ఇక్కడి గాలి కాలుష్య నియమాల ప్రకారం కొత్తగా కట్టే ఇళ్లలో కట్టెలు కాల్చే గూళ్లు పెట్టనివ్వరు. వంటింటి గోడకి అతికిద్దామంటాడు కొడుకు. టీచరమ్మ కాసేపు ప్లాను మీద వేలు పెట్టి, గులాబీలు ఉండాల్సిన చోటంతా కొలిచింది. “ఇక్కడ మొక్క వద్దన్నావుగా, అరుగు కట్టు. గోడకి ఇవి అతికించు. మట్టి అంటుకోదుగా” అంది. వానకి పాడవుతాయన్నాడు. మేస్త్రీకి ఫోన్ చేశారు. ఇక్కడ గడ్డకట్టే చలి లేదు, వెనక తడి చేరకుండా చూసుకుంటే నిలుస్తాయన్నాడు, అయితే తనకి ఇంకా చాలా గూళ్ల పని ఉంది, తొందరగా రాలేనన్నాడు. ఆవిడ నా పెట్టె మీద ‘వంటిల్లు’ అని రాసినది కొట్టేసి, ‘బయట అరుగు’ అని రాసింది.