ముక్క తీసేసిన పులుసు

శనివారం నేను నీచు ముట్టను. ఏడుకొండలవాడి మీద భక్తి కొంత, అమ్మ ఫోనంటే భయం మరికొంత. టోక్యోలో ఉన్నా నిషికసాయిలో కాపురం కాబట్టి ఈ నియమానికి పెద్ద లోటేమీ రాలేదు. చుట్టూ మనదేశంవాళ్లే, కందిపప్పుకు కొదవలేదు. చిక్కల్లా మా సందు చివరి పాత షొకుదోతో వచ్చింది. షొకుదో అంటే మన భోజన హోటలే అనుకోండి.

గుమ్మం పక్కన గాజు బీరువాలో మైనపు వంటకాలు కొలువుదీరి ఉంటాయి. 1932లో ఒసాకాలో ఇవాసాకి తకిజో అనే ఆయన ఈ ఉత్తుత్తి వంటకాలను వ్యాపారంగా మొదలుపెట్టాడు. ఆయన మైనంతో చేసి పేరు తెచ్చుకున్నది ఆమ్లెట్టు. ఈ బీరువాలోని ఆమ్లెట్టు వెలిసిన రంగు చూస్తే ఆ మొదటి వాయిలోదేమో అనిపిస్తుంది.

గుమ్మానికి నోరెన్ అనే గుడ్డ తెర వేలాడుతుంటే కొట్టు తీసి ఉన్నట్టు. తలుపు పక్కకు జరపాలి, అది సగంలో మొరాయిస్తుంది. నేను నడుం వంచి దూరాను. లోపల పెద్దావిడ అంతకంటే వంగి ప్రతినమస్కారం చేసింది. నేను వంగింది తల బొప్పి కట్టకుండా అని ఆవిడకు ఈనాటికీ తెలియదు.

నాలుగు బల్లలు, మూల టీవీలో సుమో కుస్తీ, వంటింట్లో నోరు విప్పని పెద్దాయన. గోడ నిండా చేత్తో రాసిన కాగితాలు. అవి వంటకాల పేర్లో, బాకీదార్ల పేర్లో నాకు అర్థం కాలేదు. మర్యాదగా "ఒబాసన్!" అని పిలిచాను. జపనీస్‌లో ఒబసన్ అంటే పిన్ని, ఒబాసన్ అంటే మామ్మ. హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా తెలియకపోతే బెత్తం దెబ్బ పడే భాషవాణ్ణి, సరిగ్గా అక్కడే దీర్ఘం తీశాను. ఆవిడ నవ్వుతూనే ఉంది. నా గ్లాసులో మంచినీళ్లు మాత్రం రెండోసారి నిండలేదు.

"నికు నషి, సకానా నషి" అన్నాను. మాంసం వద్దు, చేప వద్దు అని. "దైజోబు, దైజోబు!" అంది. మరేం ఫరవాలేదట.

వేయించిన టోఫూ వచ్చింది. దాని మీద గులాబీ రంగు పొరలు, ఆవిరికి అటూ ఇటూ ఊగుతూ, చెయ్యి ఊపి రమ్మంటున్నట్టు. దాని పేరు కత్సుఒబుషి. చేపను ఉడికించి, పొగబెట్టి, కట్టెలా ఎండబెట్టి, వడ్రంగి చిత్రిక పట్టినట్టు పట్టి తీసిన పొరలు. పక్కనున్న మిసో చారుకూ ఆధారం ఆ పొరలు మరిగించిన నీళ్లే. "సకానా?" అని వేలు చూపించాను. ఆవిడ ఆశ్చర్యపోయింది. చేపంటే పళ్లెంలో తలాతోకా కనిపించాలి. ఇది రుచి కోసం వేసింది, చేపెలా అవుతుంది?

ఈ తర్కం నాకు కొత్త కాదు. మా ఊళ్లో పెళ్లి భోజనాల్లో శాకాహారి బంధువుకు మా మేనత్త ఇలాగే సర్దిచెప్పేది: "ముక్క తీసేసి పులుసే పోశానండీ, తినండి!" ఆరు వేల కిలోమీటర్లు దాటి రాకముందే వినాల్సినదంతా విన్నాను.

కొంబు అనే సముద్రపు నాచుతోనూ అక్కడ చారు కాస్తారు. 1908లో ఇకెదా కికునాయె ఆ నాచు రుచి గుట్టు విప్పడం వల్లే మన నూడుల్స్ బండి దాకా అజినొమోటో వచ్చింది. ఈ పాండిత్యమంతా ఉంది గానీ, ఆవిడకు చెప్పేంత జపనీస్ నా దగ్గర లేదు. "కొంబు, కొంబు" అని మాత్రం అనగలిగాను.

మరుసటి శనివారం ఆవిడ గిన్నె తెచ్చి, మూత తీసి, "కొంబు!" అంది గర్వంగా. చారు నాచుదే. టోఫూ మీద పొరలు లేవు, ఒకటి తప్ప. చల్లాక గుర్తొచ్చి ఏరేసినట్టుంది. ఆ ఒక్కటీ అంచుకు అతుక్కుని చెయ్యి ఊపుతోంది.

అప్పుడే ఫోను. హోటల్లో ఫోను మాట్లాడటం అక్కడ అమర్యాద, అమ్మ ఫోను ఎత్తకపోవడం మన దగ్గర నేరం.

"ఏరా, శనివారం, గుర్తుందా?"

"ముక్క ముట్టలేదమ్మా, ఒట్టు."

పెద్దావిడ దగ్గరికొచ్చి, "ఒకాసన్?" అంది. అమ్మేనా అని. అవునన్నాను. ఆవిడ నా ఫోనుకు నడుం వంచి నమస్కారం పెట్టి, నా గ్లాసు నింపింది, రెండోసారి.