సాక్షిగారికి కరెంటు కావాలట!

మారుతి 800 తయారీ 1983లో మొదలై 2014 జనవరిలో ఆగింది. ఆ ముప్పయ్యేళ్లలో దానికి ఎయిర్‌బ్యాగు రాలేదు, ఏబీఎస్ రాలేదు. రాలేదేమని కొన్నవాళ్లూ నిలదీయలేదు. లీటరుకు ఎంతిస్తుంది, ఏసీ చల్లగా తగులుతుందా, మన ప్రశ్నలు అక్కడితో సరి. అలాంటి కార్లు, వాటి ఈడు శాంత్రోలు, జెన్‌లు ఇంకా మన అపార్ట్‌మెంటు సెల్లార్లలో కవరు కప్పుకుని ఉన్నాయి, ఆదివారాలు బయటికొస్తున్నాయి. వాటికి ఈ మధ్య హఠాత్తుగా ఒక భద్రతా పరికరం అమరుతోంది. దాని పేరు డాష్‌క్యామ్. అది గుద్దుకోకుండా ఆపదు. గుద్దుకున్నాక పక్కటెముకలు కాపాడదు. గుద్దుకోవడాన్ని మాత్రం తేదీ, టైముతో సహా, ఎదుటి బండి నంబరు చదివేంత స్పష్టంగా దాచిపెడుతుంది.

దీన్ని మనం సేఫ్టీ అంటున్నాం.

టైర్లు నున్నగా అరిగిపోయాయి, మార్చమంటే "వచ్చే నెల చూద్దాం". బ్రేకులు కీచుమంటున్నాయి, "ఇంకో రెండు వేల కిలోమీటర్లు లాగొచ్చు". వైపరు రబ్బరు చీలి అద్దం మీద గీతలు పెడుతోంది, "వానలింకా పడలేదుగా". కెమెరా మాత్రం రాత్రి పదకొండింటికి ఆర్డరు, తెల్లారేసరికి డెలివరీ. ఆ కెమెరా లోకాన్ని చూసేది కూడా ఆ చీలిన వైపరు తుడిచిన అద్దంలోంచే అన్న సంగతి ఎవరికీ తట్టదు.

కొన్నాక అసలు వీరగాథ మొదలవుతుంది. సిగరెట్ లైటరు సాకెట్లో గుచ్చుకుంటే పోయేదానికి మనవాడు ఒప్పుకోడు. తాళం తీస్తే ఆ సాకెట్లో కరెంటు పోతుంది, కెమెరా నిద్రపోతుంది. ఆ నిద్రలో ఎవడో స్కూటరువాడు బంపరు గీరి పోతే? పాతికేళ్ల బంపరు, దాని మీద గీరడానికి ఇంకా చోటుందా అని అడగకండి. సాక్షిగారికి ఇరవైనాలుగు గంటలూ కరెంటు కావాలి. అందుకు హార్డ్‌వైర్ కిట్టని ఒకటి అమ్ముతారు. అగ్గిపెట్టెంత డబ్బా, దాంట్లోంచి మూడు తీగలు. బ్యాటరీలోని 12 వోల్టులను కెమెరాకు సరిపడే 5 వోల్టులకు దించడం డబ్బా పని. సాధారణంగా పసుపు తీగ ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుకు, ఎర్ర తీగ తాళం తిప్పితేనే కరెంటొచ్చే ఫ్యూజుకు, నల్ల తీగ బాడీ ఎర్తుకు. కాగితం మీద ఇంతే, చంటిపిల్లాడు కూడా చేస్తాడు.

నేర్పే విదేశీ వీడియోలో ఒక దొరగారు తెల్లని గ్లవుజులు తొడుక్కుని, ముందు అద్దం పక్క స్తంభంలోని కర్టెన్ ఎయిర్‌బ్యాగుకు వైరు అడ్డం రాకుండా చూసుకోమని పదేపదే హెచ్చరిస్తాడు. మన పాత కారు యజమానికి ఆ బెంగే లేదు. అడ్డం రావడానికి అక్కడ బ్యాగుంటే కదా!

స్టీరింగు కింద తల దూర్చాక కారు చరిత్ర బయటపడుతుంది. మొదటి యజమాని పెట్టించిన జోడు హారను, రెండో యజమాని స్టీరియో, మూడో ఆయన సెంట్రల్ లాకు, రివర్సు వేస్తే పాట పాడే పెట్టె, ఇప్పుడు లేని ఫాగ్ ల్యాంపుల తాలూకు తీగలు. ఏ తీగ ఎక్కడ మొదలైందో అడిగితే చెప్పేవాడు లేడు, కొందరు యజమానులు కూడా లేరు. కంపెనీ పుస్తకంలో ఎర్రగా ఉండాల్సింది ఇక్కడ నీలం. ఆ రోజు షాపులో ఎర్ర వైరు అయిపోయి ఉంటుంది. ఇక ఫ్యూజు బాక్సు మూత తీస్తే 10 ఆంపియర్ల చోట 30 ఆంపియర్ల ఫ్యూజు కూర్చుని ఉంటుంది. మరో చోట ఫ్యూజే ఉండదు, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం మడిచి దూర్చి ఉంటుంది. పోయిన ఫ్యూజు ఎందుకు పోయిందని విచారించడం మన ఇంటా వంటా లేదు. పోకుండా చేశామా లేదా, అదీ లెక్క. వెండి కాగితం పోదు. వైరింగు పోతుంది, ఒక్కోసారి కారూ పోతుంది.

ఇదంతా చూసి బెంబేలెత్తి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే ఆయన నవ్వుతాడు. "ఫ్యూజు బాక్సులో గుచ్చే ఫ్యూజు ట్యాపులూ అవీ ఎందుకు సార్, ఈ వైరు గీరి చుట్టేస్తా. ఏం కాదు, నడిచిపోద్ది." నడిచిపోద్ది అన్న మాట మీదే ఈ దేశంలో సగం వైరింగు నిలబడి ఉంది. గీరి, మెలేసి, టేపు చుడతాడు. మన ఎండలకు ఆ టేపు జిగురు కరిగి జారుతుంది, ఊడిన తీగ ఇనుముకు తగులుతుంది. కెమెరా తీగ సన్నటిది, దానికి రెండు మూడు ఆంపియర్ల ఫ్యూజు విడిగా ఉండాలి. ఫ్యూజు కాపాడేది కెమెరాను కాదు, తీగను. హారనుకున్న 15 ఆంపియర్ల ఫ్యూజు మీద బతికే సన్న తీగకు షార్టయితే, ఆ ఫ్యూజు తెగేలోపు తీగ అంటుకున్నా ఆశ్చర్యం లేదు. ఈ భయంతోనే చాలామంది సొంత చేతులకు పని చెప్తున్నారు. ఆ ఒక్కటీ మెచ్చుకోదగ్గ తెలివి. సొంతవాడు కనీసం రెండోసారి చూసుకుంటాడు.

సరే, బిగించారు. చిన్న ఎర్ర లైటు వెలిగింది. ఇంటిల్లిపాదీ వచ్చి చూశారు. ఇక లెక్కకు రండి. ఆపిన కారులో కెమెరా పావు ఆంపియరు లాగినా రోజుకు 6 ఆంపియర్-అవర్లు. చిన్న పాత కారు బ్యాటరీ 35 ఉంటే గొప్ప, అదీ కొత్తదైతే. శుక్రవారం రాత్రి ఆపిన కారు సోమవారం పొద్దుటికి సగం ఖాళీ. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల పైన చూపిస్తుంది, 12.2కు వచ్చేసరికి సగం అయిపోయినట్టు. కిట్టులో కటాఫ్ అనే ఏర్పాటు ఉండేది అక్కడ ఆపడానికే. కొందరు మహానుభావులు ఎక్కువసేపు రికార్డవుతుందని దాన్ని 11.6 దగ్గర పెడతారు. సెల్లారులో ఎవరూ గీరలేదని మూడు రాత్రుల పటిష్ఠమైన సాక్ష్యం దొరుకుతుంది. సెల్ఫ్ కొడితే టకటకమని ఊరుకుంటుంది. అప్పుడు వాచ్‌మన్ను, పాలవాణ్ణి, మూడో అంతస్తు సాఫ్ట్‌వేరు కుర్రాణ్ణి పిలిచి, రెండో గేరులో పెట్టి తోయించుకోవాలి. పాత కార్లలో తోస్తే స్టార్టయ్యే సౌకర్యం ఇంకా ఉండటం మన అదృష్టం.

అసలు విశేషం రోడ్డెక్కాక. డాష్‌క్యామ్‌లో జీ-సెన్సరని ఒకటుంటుంది. గట్టి కుదుపు తగిలితే ప్రమాదం జరిగిందనుకుని, ఆ ఫైలును చెరిగిపోకుండా తాళం వేసి దాస్తుంది. మంచి ఆలోచనే. మంచి రోడ్లున్న దేశాల్లో పుట్టిన ఆలోచన. మన ఊళ్లో తొలి వాన వెలిసిన మర్నాడు కాలనీ నుంచి మెయిన్ రోడ్డు దాకా రండి: గుంతకో ప్రమాదం, పెయింటెయ్యని స్పీడు బ్రేకరుకో ప్రమాదం, రోడ్డుకు జానెడు లోతున ఉన్న మ్యాన్‌హోలు మూతకో ప్రమాదం. తాళం పడిన ఫైళ్లతో కార్డు నిండిపోతుంది. కొన్ని కెమెరాలు కార్డు నిండిందని కీచుమని రికార్డింగే ఆపేస్తాయి. నిజంగా లారీ వచ్చి తగిలే సమయానికి సాక్షిగారి దగ్గర జాగా ఉండదు. సెన్సరును తక్కువకు పెట్టుకోండని షాపువాడి సలహా. తక్కువకు పెడితే లారీ గుద్దినా గుంతే అనుకుంటుంది.

దేవుడి దయవల్ల లారీ వీడియో దొరికిందే అనుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 63 ఉంది. దాని ప్రకారం, కోర్టుకిచ్చే ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి. ఒక భాగం మీరు నింపాలి, రెండో భాగం నిపుణుడు నింపాలి, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ రాయాలి. పైగా లోపలి బుల్లి బ్యాటరీ ఎండకు ఉబ్బి చచ్చిపోయి, కెమెరా గడియారం ఎప్పటిదో జనవరి 1కి వెళ్లిపోయి ఉంటుంది. కారు ఇన్సూరెన్సు కట్టకముందే ప్రమాదం జరిగినట్టు వీడియో సాక్ష్యం చెప్తుంది. ఎదుటి లాయరుకు పండగ.

ఇంకో ఇబ్బంది ఉంది, పైకెవరూ చెప్పరు. ఆ వీడియో మొదటి నిమిషంలో మీరు యూ టర్ను దాకా వెళ్లే ఓపిక లేక రాంగ్ రూట్లో వస్తుంటారు. రెండో నిమిషంలో ఫోనులో బావమరిదితో ప్లాటు బేరం, మీ గొంతుతోనే. మూడో నిమిషంలో లారీ. మూడోది మాత్రమే చూడమని ఏ స్టేషనులో అడుగుతారు? సొంత వైరు, సొంత కరెంటు, సొంత కార్డు, పట్టించింది మిమ్మల్నే. మనకు సాక్షి కావాలి గాని సాక్ష్యం వద్దు.

ఈ జబ్బు కారువాడి ఒక్కడిదే అయితే ఇంత రాయను. సర్కారుదీ ఇదే చూపు. కూడలి కూడలికీ కెమెరాలున్నాయి. హెల్మెట్టు లేకపోతే ఫొటోతో సహా చలానా ఫోనుకొస్తుంది. ఆ కెమెరా కిందే ఉన్న గుంత మాత్రం ఏళ్ల తరబడి ఫొటోలో పడుతూనే ఉంటుంది, దాన్ని పూడ్చామని మెసేజు రాదు. కేంద్రం లెక్కల ప్రకారం 2022లో మన రోడ్ల మీద చనిపోయినవాళ్లు 1,68,491 మంది. డ్రైవరు ఎయిర్‌బ్యాగు కొత్త కార్లలో తప్పనిసరి అయింది 2019 జూలైలో. అంతకుముందు అమ్మిన కార్లకు, అవి తిరిగే రోడ్లకు మిగిలిన రక్షణ జ్ఞాపకార్థం తీసిపెట్టే వీడియో. ప్రమాదాలు ఆపడానికి డబ్బు లేదంటారు, చూడటానికి మాత్రం అందరి దగ్గరా ఉంది.

అయినా బిగించి తీరతానంటే మీ ఇష్టం. ముందు బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి. తీగ గీరకండి, ఫ్యూజు ట్యాపు వాడి కెమెరాకు విడిగా చిన్న ఫ్యూజు పెట్టండి. ఎర్తును తుప్పూ పెయింటూ లేని ఇనుము మీద బిగించండి. కటాఫ్ 12.2కు తగ్గనివ్వకండి. లిథియం బ్యాటరీది కాక సూపర్ కెపాసిటరు ఉన్న కెమెరా కొనండి. ఇవన్నీ చేసే ముందు ఒక్కసారి వంగి టైరు చూడండి. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే అది రోడ్డెక్కడానికి వీల్లేదని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. కెమెరా డబ్బులతో ముందు టైర్లు మార్పించండి, వైరు తర్వాత లాగుదురు గాని.