జీను దిగింది, చెక్కు కదల్లేదు

అమెరికాలో వాడిన గుర్రపు జీనును అమ్మిపెట్టే దుకాణంలో ఉంచితే, అమ్ముడయ్యేదాకా జీను మీదే. అమ్ముడయ్యాక డబ్బు మాత్రం దుకాణందారుది! ‘సీజన్ బాగాలేదు, వచ్చేవారం చెక్కు పంపిస్తాం’ అంటారు. సీజన్ బాగాలేకపోతే జీను అరలోనే ఉండాలి కదా? అర ఖాళీ. దాని పట్టీకి వేలాడిన ధర చీటీ గల్లాపెట్టెలో భద్రం. పాపం చిన్న వ్యాపారం, అద్దె కట్టుకోవద్దా అంటారేమో. కట్టుకోవాలి, తన కమీషన్‌లోంచి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు నిజమే, పక్కవాడి గాదెలోంచి తెచ్చి పెడతామా? చెక్కు ఎంతకీ రాకపోతే, కాలిఫోర్నియాలో ఒక వ్యక్తి 12,500 డాలర్ల దాకా బాకీకి లాయరు లేకుండానే చిన్న దావాల కోర్టు మెట్లెక్కవచ్చు. రసీదు, ఒప్పందం కాగితం పట్టుకుని ఎక్కండి. జీను అక్కర్లేదు.