నడక మీద నేరం

నెలలు నిండుతున్న అమ్మాయి పొద్దున్నే అరగంట నడిచొచ్చి, పొత్తికడుపు పట్టుకుని సోఫాలో కూలబడితే ఇంట్లో తీర్పుకి రెండు నిమిషాలు పట్టదు: 'అందుకే నడవొద్దన్నాను.' అదే అమ్మాయి గొంతుక్కూర్చుని మూడు గదులు తడిగుడ్డతో తుడిచి అదే కడుపు పట్టుకుంటే మాత్రం 'ఉండాలమ్మా, కాన్పు తేలిగ్గా అవుతుంది' అంటారు. కాళ్ల కింద ఉన్నది పార్కు బాటో, వంటింటి గచ్చో కండరానికేం తెలుసు? మనవాళ్లకి శ్రమంటే అభ్యంతరం లేదు, ఇంటికి అక్కరకు రాని శ్రమంటేనే. (తుడుపుకర్రలొచ్చాకే సిజేరియన్లు పెరిగాయన్న సిద్ధాంతం కూడా చలామణీలో ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో నూటికి 60.7 ఆపరేషన్లే. అంత పాపం ఒక్క కర్ర నెత్తిన రుద్దడం అన్యాయం.) నొప్పి దేని తర్వాత వచ్చిందో ఆరా తీయడం మాని, వచ్చాక ఏం చేస్తోందో చూడమన్నదే నా మనవి.

అత్తగార్లని ఒక్కళ్లనే అని ఏం లాభం, డాక్టర్లూ ఒకప్పుడు ఇలాగే హడలిపోయారు. 1985లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం గర్భిణి గుండె నిమిషానికి 140 సార్లు మించి కొట్టుకోకూడదనీ, గట్టి వ్యాయామం పావుగంట దాటకూడదనీ గీత గీసింది. 1994లో ఆ గీత తనే చెరిపేసింది. ఇప్పుడదే సంఘం, ఏ ఇబ్బందీ లేనివాళ్లు వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చెయ్యమంటోంది. 2016లో తొమ్మిది అధ్యయనాలను, అంటే రెండువేల పైచిలుకు గర్భిణులను, కలిపి లెక్కేస్తే నెలలు నిండని కాన్పులు వ్యాయామం చేసినవాళ్లలో నూటికి 4.5, చేయనివాళ్లలో 4.4. ఆ కాస్త తేడాకి ఎవరి చెప్పులూ దాచెయ్యక్కర్లేదు. మరి నడిచాక పొత్తికడుపు అలా బిగుసుకోవడం ఏమిటంటే, గర్భసంచి కూడా కండరమే. డెబ్బై గ్రాములుండేది కాన్పునాటికి కిలో దాకా పెరిగి, అసలు పనికి ముందు సాధన చేసుకుంటుంది. 1872లో దీన్ని వర్ణించిన బ్రాక్స్‌టన్ హిక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు పేరే తెల్లవాళ్లు దానికి పెట్టుకున్నారు. మనవాళ్లు దొంగనొప్పులన్నారు. పేరంటే ఇదీ: చప్పుడు చేస్తాయి, కంగారు పెడతాయి, లైటు వేస్తే పారిపోతాయి. ఇక్కడ లైటంటే రెండు గ్లాసుల నీళ్లు, ఒకసారి బాత్రూము, కాసేపు ఎడంపక్కకి తిరిగి పడుకోవడం.

'నడిచాకే కదా వచ్చింది?' అంటారు. నిజమే. చెమటపట్టి ఒంట్లో నీరు తగ్గినా, మూత్రాశయం నిండినా గర్భసంచి చికాకుపడుతుంది. ఆ లెక్కన నేరం నడకది కాదు, ఇంట్లో మరిచిపోయిన నీళ్లసీసాది. గర్భసంచికి అటూ ఇటూ ఉన్న బంధనాలు సాగి తుమ్మినప్పుడూ చురుక్కుమంటాయి, అలాగని తుమ్ము మానెయ్యమని ఎవరూ అనరు. 'మా అమ్మ ఏడుగురిని కంది, ఒక్కనాడు వాకింగుకెళ్లిందా?' అన్నది ఇంకో ప్రశ్న. నూతిలో నీళ్లు తోడి, వడ్లు దంచి, నాట్లకు వెళ్లిన ఆ తల్లి మీ 150 నిమిషాలు సోమవారం మధ్యాహ్నానికే ముగించి ఉంటుంది. 'దొంగవే అని ఊరుకుంటే అసలువి వచ్చేస్తేనో?' అన్నదొక్కటే గట్టి ప్రశ్న, అక్కడ హాస్యం పనికిరాదు. నీళ్లు తాగి పడుకున్నా తగ్గకుండా, ఒక వరసలో వస్తూ, ఎడం తగ్గుతూ, బలం పెరుగుతూ ఉంటే అవి అసలువే. 37 వారాలు నిండకముందు వరస కనబడితే కాచుకోకుండా ఆస్పత్రికి బయల్దేరాలి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా గడియారంతో పనే లేదు. మాయ కిందికి ఉందనో, ముఖద్వారానికి కుట్టు వేశామనో డాక్టరు నడవొద్దన్నవాళ్లు నా వాదనలోకి రారు.

రాత్రి రెండింటికి కాల్లో వచ్చే నొప్పి మాత్రం వేరే రకం. నరం పట్టేసిందంటాం గానీ పట్టేసేది పిక్క కండ. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం మొదలెట్టింది లగాయతు తెలుగువాడి చెయ్యి ఏ నొప్పికైనా ముందు సీసా మూత మీదికే పోతుంది. దీనికి సీసా అక్కర్లేదు. మోకాలు చాపి, పాదం వేళ్లని మోకాలి వైపుకి లాగి పట్టుకుంటే కండ సాగి వదిలేస్తుంది. ఎనిమిదో నెలలో తన వేళ్లు తనకి కనిపించవు, ఇక అందడమెక్కడిది! కాబట్టి ఆ లాగే ఉద్యోగం పక్కన గురకపెడుతున్నాయనది. కాల్షియం, మెగ్నీషియం బిళ్లలు దీన్ని ఆపుతాయనడానికి గట్టి రుజువైతే లేదు. కానీ ఒక్క పిక్కే వాచి, ఎర్రబడి, వేడిగా ఉండి, నొప్పి వదలకపోతే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ కాలిని పిసకకూడదు, ఆ పూటే డాక్టరుకి చూపించాలి.