సముద్రం సారు

మా పటాన్‌చెరు కాలనీలో సముద్రం సారంటే తెలియనివాళ్లు లేరు. అసలు పేరు ఇంటి గేటు మీద ఉంది గానీ ఎవరూ చదవరు. ఆయనకు ఫోన్ చేస్తే రింగుకు బదులు అలల చప్పుడు వినిపిస్తుంది. పొద్దున్నే వాట్సాప్‌లో తాబేలు ముక్కులో స్ట్రా ఇరుక్కున్న వీడియో పంపి, కింద ఏడుపు బొమ్మలు పెడతారు. ఏటా విశాఖ వెళ్లి ఆర్కే బీచ్‌లో తెల్లటోపీ పెట్టుకుని చెత్త ఏరతారు. ఏరేది సంచీడు, దిగే ఫొటోలు బస్తాడు.

బొల్లారంలో మందుల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. రాత్రిపూట ట్యాంకర్లు ఎటు పోయేవని అడిగితే, "అది వేరే డిపార్ట్‌మెంట్ సార్" అంటారు.

ఇంట్లో మాత్రం సముద్రం ఊసు ఉండదు. బజ్జీలు వేశాక మూకుట్లో మిగిలిన నూనె సింకులోకి, షాంపూ ప్యాకెట్టు చింపిన మూల బాత్రూమ్ జాలీలోకి. ఇక ఉగాదికి ముందు మందుల డబ్బా దులపడం చూడాలి. కళ్లజోడు జార్చుకుని, స్ట్రిప్పును వెలుతురుకు ఎత్తి తారీఖు చదివి, ఒక్కో గోలీని బొటనవేలితో టప్పున నొక్కి వాష్‌బేసిన్‌లో వేస్తారు.

"చెత్తల పారేస్తే పిల్లలు తింటరు సార్. బాధ్యత ఉండాలె" అని నల్లా పూర్తిగా తిప్పుతారు.

ఆ గోలీది ఏం భాగ్యమో! మా మోరీలోంచి నక్కవాగు, అక్కణ్నుంచి మంజీర. ఏడుపాయల దుర్గమ్మ దర్శనం, నిజాంసాగర్‌లో విడిది, కందకుర్తిలో గోదారి సంగమస్నానం, ఆపైన బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం. దారిలో కొంత కరిగినా, కొంత చేపల పాలైనా, మిగిలింది అంతర్వేదిలో సముద్రం చూస్తుంది. సారు ఏళ్లుగా వాయిదా వేస్తున్న యాత్ర అంతా టికెట్ లేకుండా!

ఈ మాటే ఆయనతో అన్నాను. ఆయన బీరువాలోంచి పేపరు కటింగ్ తీశారు. మందుల ఫ్యాక్టరీల కోసం మా ఊళ్లో ఉన్న ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలిందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ మందు మింగే రోగి నెత్తుట్లో కూడా అంత ఉండదు.

"గంత పోయినంక, నా రెండు గోలీలు లెక్కనా?"

నాకు జవాబు తోచలేదు. ఆయన చెప్పిన లెక్కలో తప్పు లేదు, అదే నా బాధ. అయితే ఆ లెక్క ఆయన ఆర్కే బీచ్‌లో ఎందుకు వేయరో! అక్కడ గుట్కా ప్యాకెట్ ఒక్కటి దొరికినా మూడు వైపుల నుంచీ ఫొటో దిగుతారే.

మొన్న మళ్లీ విశాఖ ప్రయాణం. ఆటో వచ్చింది, సూట్‌కేసు ఎక్కింది. మోరీ తీసే అవ్వ కట్టెతో లాగి, నల్లటి ముద్ద ఒకటి కవర్లో వేసింది: గడ్డకట్టిన నూనె, ప్యాకెట్ ముక్కలు, మధ్యలో మెరుస్తున్న ఖాళీ స్ట్రిప్పులు.

"సముద్రం కాడికేనా సారూ?"

"అవునవ్వా, సాఫ్ చేసెటందుకు."

"గట్లయితే గిది గూడ పట్టుకపోరాదు. ఎట్లనన్న ఆడికే పోతదట గద!"

సారు ఒకడుగు వెనక్కి వేశారు. గ్లౌజులు సూట్‌కేసు అడుగున ఉన్నాయట.