ములుకుల జోడు: ఒక ఆత్మకథ

రూపిన్, సూపిన్ అను రెండేఱులు నేట్వాడ్ వద్ద సంగమించి తోన్సు నదియగు చోటు దాటి, సూపిన్ లోయ వెంబడి ఇంకను పైకి పోయినచో, ఉత్తరాఖండములోని ఉత్తరకాశీ జిల్లాలో సాంక్రి అను చిన్న గ్రామము కానవచ్చును. అచటి అద్దె కొట్టులో గోడచీలకు వ్రేలాడు ఉక్కు గొలుసుల జోళ్ళలో నేనొకదానను. బూటు చుట్టును బిగియబట్టు నల్లని రబ్బరు పట్టీ, ఆ పట్టీ నుండి అడుగుభాగమున అల్లుకొన్న గొలుసులు, ఆ గొలుసుల కూడళ్ళయందు ఇంచుమించు సెంటీమీటరు పొడవున క్రిందికి పొడుచుకొని యుండు ఉక్కు ములుకులు, ఇంతియే నా శరీరము. గైడ్లు నన్ను మైక్రోస్పైక్ అందురు. తొందరలో క్రాంపాన్ అనియు అందురు గాని, ఆ రెండవ పేరు నా పెద్దలకు చెందినది.

ఆ పెద్దల కథ ఆల్ప్సు పర్వతములలో నడచినది. మంచు వాలులపై పోదలచినవారు పూర్వము గొడ్డలితో ఒక్కొక్క మెట్టును చెక్కుకొనుచు, ఆ శ్రమతోనే పగటిలో సగము గడపెడివారు. 1902లో కె2 శిఖరమును ఎక్కబూనిన బృందమునకు నాయకుడై వెళ్ళిన ఆస్కార్ ఎకెన్‌స్టైన్ అను ఆంగ్ల ఇంజనీరు, 1908 ప్రాంతమున, మెట్లు చెక్కు పనిని చాలవఱకు తప్పించునట్టి పది ములుకుల క్రాంపాన్‌ను రూపకల్పన చేసెను; ఇటలీ సరిహద్దులలోని కూర్మేయర్ గ్రామమున హెన్రీ గ్రివెల్ అను కమ్మరి దానిని కొలిమిలో కాచి సాగగొట్టి చేతికిచ్చెను. 1929లో ఆ ఇంటివాడే యగు లోరాన్ గ్రివెల్ ముందువైపునకు రెండు ములుకులు చేర్చుటతో నిలువు మంచుగోడలు సైతము మానవునకు దారి యిచ్చినవి. హిమానీనదములపైనను, నిలువు గోడలపైనను నేను పనికిరాను; నాది కాలిబాట. అయినను ఎకెన్‌స్టైన్ నేర్పిన ఒక విద్య నాకును వారసత్వముగ సంక్రమించినది: పాదమును వాలునకు సమముగ, మడమ నుండి వ్రేళ్ళ వఱకు ఒక్కసారిగ మోపుట. ఆ విద్య ఎఱుగనివాని కాలికి నన్ను తొడిగినను, తొడుగకున్నను ఒక్కటే.

సాంక్రి నుండి కేదార్‌కంఠ శిఖరమునకు పోవు బాట నా కర్మభూమి. ఆ శిఖరము సుమారు 12,500 అడుగుల ఎత్తు గలది. గ్రామము అందులో సగమునకు కొంచెము మీదుగ నుండును. దేవదారు వృక్షముల నడుమ బాట వంకరలు తిరుగుచు జూడా కా తాలాబ్ అను చెఱువు కడకు చేరును. చలికాలమున ఆ చెఱువు గడ్డకట్టి, చుట్టును గుడారములతో నిండిపోవును. డిసెంబరు మొదలు మార్చి వఱకు ఈ దారిని నడచువారు ఒక విషయము గ్రహింపవలెను. ఆకాశము నుండి రాలిన హిమము మెత్తనిది, దయగలది. అందు మోకాలి లోతున దిగబడినను ప్రమాదము స్వల్పము. భయపెట్టు మంచును చేయునవి పాదములే. ముందు పోయిన వందలాది బూట్లును, సామాను మోయు కంచరగాడిదల గిట్టలును హిమమును త్రొక్కి అణచగా, పగటి యెండకు దాని పైపొర కరగగా, రాత్రి సున్నకు దిగువన పది డిగ్రీల చలి ఆ నీటిని మరల బిగింపగా, మఱునాటి తెల్లవాఱుజామునకు ఆ బాట నూనె పూసిన బండ యగును. దేవదారుల నీడలో నుండు భాగమును మార్చి వఱకును సూర్యుడు తాకనే తాకడు.

మంచు ఏల జారును? 1850లో మైకేల్ ఫారడే, మంచు ఉపరితలమున అతి పలుచని ద్రవపు పొర యొకటి సహజముగనే యుండునని ప్రతిపాదించెను. తరువాతి పరిశోధకులు ఆ భావమును బలపఱచిరి. మిక్కిలి లోతైన చలిలో ఆ పొర క్షీణించి మంచు కొంత గరుకెక్కును. సున్నకు కొలదిగ దిగువన నున్నప్పుడు అది అతి నున్నన. కావుననే వణికించు చలిరాత్రి కంటె, కొంచెము వెచ్చబడిన మధ్యాహ్నమును నేను ఎక్కువ అనుమానింతును. నేను ఆ ద్రవపు పొరతో పోరాడను, దానిని చీల్చుకొని దిగువనున్న గట్టి మంచులో గ్రుచ్చుకొందును. రబ్బరు అడుగున విశాలముగ పఱచుకొనవలసిన మనిషి బరువంతయు నా కొలది ములుకుల కొనలపై కేంద్రీకృతమగుటయే నా బలము. ఆ బరువును నాకు ఈయనివానికి నేనేమియు చేయజాలను.

ఒక జనవరిలో వరంగల్లు నుండి వచ్చిన మేనత్త, మేనకోడలు నన్నును, నా ప్రక్కనున్న జోడును అద్దెకు తీసికొనిరి. నేను మేనత్త పాదములకు దక్కితిని. నలుబది దాటి ఏండ్లు గడచిన ఆమె, అంతకు మున్ను హిమమును తాకి యెఱుగదు. అర్ధరాత్రి దాటిన పిదప నుదుటి దీపముల వెలుగున ఆరోహణ సాగించి, సూర్యోదయమునకు వారు శిఖరము చేరిరి. అచట రాళ్ళు పేర్చిన చిన్న శివస్థానము చెంత గైడు చేయి చాచి స్వర్గారోహిణి పర్వతమును చూపగా, ఆ నామము చెవి సోకుటతోనే ఆమె అప్రయత్నముగ చేతులు జోడించెను. ఎక్కుట ఎవ్వరి ధైర్యమును అంతగ పరీక్షింపదు. ఎక్కునప్పుడు కన్నులు కొండను చూచును. దిగునప్పుడు లోయను చూచును. శిఖరము దిగువ నిటారు వాలులో, రాత్రి చీకటిలో తెలియక దాటిన స్థలమే, పగటి వెలుగున ఆమె యెదుట అగాధమై నిలిచెను. ఆమె దేహము తనంత తానే వెనుకకు, కొండవైపునకు వ్రాలెను. మనిషికి ఇది సహజము. మంచుపై ఇదియే ప్రాణాంతకము. వెనుకకు వ్రాలినప్పుడు మడమ మాత్రమే నేలనంటును. నా ములుకులలో మూడు వంతులు గాలిలో తేలును. తక్కిన కొలదియు బరువు లేక మంచును గీరుకొనుచు ముందుకు జారును.

రెండడుగులు క్రింద నిలిచి మేనకోడలు వెనుదిరిగి పలికెను: “అత్తా, మడమల మీద ఆగకు. పాదమంతా ఒక్కసారే పెట్టు.”

“పెడితే జారిపోతనేమోనే బిడ్డా!”

“సగం పెడితేనే జారుతవ్. మోకాళ్ళు కొంచెం వంచు, బరువంతా కాలి మీదెయ్. లోయను చూడకు, నా బూట్లు చూడు.”

ఆమె ఊపిరి పీల్చి, మోకాళ్ళు వంచి, ఎడమ పాదమును నిండుగ దింపెను. ఆ క్షణమున నా ములుకులన్నియు ఒక్కపెట్టున మంచులో దిగిన చప్పుడు ఆమెకును వినబడియుండును. ఏలయన ఆమె కుడికాలు అంతగా తడబడలేదు. తరువాతి అడుగులు చిన్నవి, ఎడముగ వేసినవి, ఒక పాదపు ములుకు రెండవ కాలి గుడ్డకు తగులకుండ వేసినవి. నేను ఎందఱి బలిష్ఠమైన పాదములను మోసితినో గాని, భయమును విడువకయే నాకు పూర్ణభారము నిచ్చిన ఆ పాదమును మించి గౌరవించినది లేదు.

ఇచట నా హృదయమును బాధించు మాట యొకటి చెప్పక తప్పదు. ఆ వాలుపైనే యువకులు కూర్చుండి క్రిందికి జారుచు ఆనందింతురు. ఆనందము తప్పు కాదు, మెత్తని హిమమున, క్రింద చదునైన మైదానమున్న చోట గైడ్లే అనుమతింతురు. కాని నన్ను విప్పి సంచిలో వేయక జారరాదు. ఒకసారి ఒక కుఱ్ఱవాడు గైడు కేకను లెక్కింపక నన్ను తొడుగుకొనియే జారెను. వేగముగ పోవు కాలి క్రింద నా ములుకులు గట్టి మంచును పట్టుకొన్నవి. పట్టుకొనుట నా స్వభావము. కాలు ఆగెను, దేహము ఆగలేదు, చీలమండ మెలిబడెను. అతనిని క్రింది శిబిరమునకు నలుగురు మోసికొని దింపిరి. ప్రాణరక్షణకై పుట్టిన ఉక్కు ఒక బాలుని ఏడ్పునకు కారణమగుట నేను మఱువజాలని దుఃఖము.

తడి హిమమును నాకు శత్రువే. మధ్యాహ్నపు యెండలో అది గొలుసుల నడుమ ఉండలుగ పేరుకొని ములుకులను కప్పివేయును. గైడ్లు ఊతకఱ్ఱతో బూటు ప్రక్కను తట్టి దానిని రాల్తురు. హిమము పలుచబడి రాళ్ళు తేలిన దిగువ బాటలో నన్ను విప్పక నడచువారివలన నా కొనలు మొద్దుబాఱును. కొట్టు యజమాని ఆకురాయితో వానిని మరల పదును పెట్టును. పదునుతో పాటు పొడవును కొంత తఱుగును.

ఈ చలికాలాంతమున అతడు నన్ను వెలుగునకెత్తి, ఒక్కొక్క ములుకును బొటనవ్రేలితో తడిమి, సాగిన రెండు గొలుసు లంకెలను వంచి చూచి, తన కుమారునితో నేను ఇక శిఖరమునకు పోరాదనియు, తాలాబ్ వఱకే ఈయవలెననియు చెప్పి వేఱొక చీలకు మార్చెను. అతని తీర్పు న్యాయమైనది. మొద్దుబాఱిన జోడును నిటారు వాలునకు అద్దెకిచ్చువాడు కాసులకొఱకు పరుల ఎముకలను పణము పెట్టినవాడగును. తాలాబ్ దారిలోను దేవదారుల నీడ కలదు, ఆ నీడలో గట్టి మంచు కలదు; తల్లిదండ్రుల చేయి పట్టుకొని మొదటిసారి హిమమును చూడవచ్చు పిల్లలు ఆ దారినే నడతురు. ఆ వాలునకు నా ములుకుల పొడవు ఇంకను చాలును.